ఏడెనిమిదేళ్లకే ఈడొచ్చిన లక్షణాలు కనిపిస్తే ఏం చేయాలి

పాపకు స్నానం చేయిస్తుంటే "అమ్మా, ఇక్కడ ముట్టుకోకు, నొప్పి" అంది. అప్పటికి తనకు ఏడేళ్ల నాలుగు నెలలు. ఎడమ చనుమొన కింద రూపాయి బిళ్లంత గట్టిగా ఏదో చేతికి తగిలింది. కుడివైపు ఏమీ లేదు. గడ్డేమోనని గుండె జారిపోయింది. ఆ రాత్రి తెల్లవార్లూ ఫోన్‌లో క్యాన్సర్ గురించి చదువుతూ కూర్చున్నాను.

అది గడ్డ కాదు, క్యాన్సర్ అంతకన్నా కాదు. పాప ఒళ్లు వయసుకంటే ముందే పెద్దదవడం మొదలుపెట్టింది. డాక్టర్లు దీన్ని ప్రికాషస్ ప్యూబర్టీ అంటారు. ఇప్పుడు పాపకు పన్నెండేళ్లు, బాగుంది. నేను డాక్టర్ని కాదు, తెనాలిలో ఉండే ఒక తల్లిని. ఈ ఐదేళ్లలో ఆసుపత్రుల చుట్టూ తిరిగి నేర్చుకున్నది, అప్పట్లో నాకెవరూ చెప్పనిది, మీకు వరసగా చెప్తాను.

ముందే ఒక మాట. లక్షణం కనిపించిందా లేదా అన్నదానికంటే అది ఎంత వేగంగా ముదురుతోందన్నదే ముఖ్యం. ఆ వేగం పది నిమిషాలు చూసే డాక్టరుకు కనిపించదు, రోజూ ఇంట్లో చూసే మీకే తెలుస్తుంది.

ముందు వయసు లెక్క తేల్చుకోండి

ఆడపిల్లల్లో 8 ఏళ్లు నిండకముందు, మగపిల్లల్లో 9 ఏళ్లు నిండకముందు ఈడు లక్షణాలు మొదలైతేనే దాన్ని ముందస్తు అంటారు. ఎనిమిదిన్నరేళ్ల పాపకు రొమ్ములు మొదలవుతున్నాయంటే అది కాస్త తొందరే గానీ జబ్బు కాదు. మన అమ్మమ్మల కాలంతో పోల్చి కంగారు పడకండి.

ఇక్కడ మన ఇళ్లలో ఒక చిక్కుంది. బడిలో చేర్పించేటప్పుడు వేసిన పుట్టినతేదీ ఒకటి, అసలు తేదీ ఒకటి. ఆరేడు నెలలు అటూ ఇటూ అయితే ఈ లెక్క మొత్తం మారిపోతుంది. డాక్టరు దగ్గర ఆధార్ కార్డులో తేదీ కాదు, కాన్పు అయిన ఆసుపత్రి కాగితంలో ఉన్న తేదీ చెప్పండి.

ఆడపిల్లల్లో సాధారణంగా మొదట వచ్చే మార్పు రొమ్ము మొగ్గ. మామూలుగా అది మొదలైన రెండు, రెండున్నరేళ్లకు నెలసరి వస్తుంది. అంటే మొగ్గ కనిపించిన వెంటనే రేపో ఎల్లుండో పెద్దమనిషి అయిపోతుందని భయపడక్కర్లేదు. ఒకవైపే రావడం కూడా మామూలే, రెండోది కొన్ని నెలలు ఆలస్యంగా వస్తుంది. దాన్ని నొక్కి చూడకండి, కాపడం పెట్టకండి. ముఖ్యంగా, పిల్లల డాక్టరు చూడకుండా ఎవరైనా "చిన్న గడ్డే, తీసేద్దాం" అంటే ఒప్పుకోకండి. అక్కడున్నది రేపు రొమ్ముగా ఎదగాల్సిన కణజాలం. దాన్ని కోసేస్తే ఆ వైపు మళ్లీ రాదు.

బొద్దుగా ఉన్న పాపకు ఛాతీ దగ్గర కొవ్వు ఉంటే అదీ రొమ్ములాగే కనిపిస్తుంది. పడుకోబెట్టి చూస్తే కొవ్వు మెత్తగా పక్కకు పరుచుకుంటుంది. మొగ్గ అయితే చనుమొన కింద గట్టిగా బిళ్లలాగా తెలుస్తుంది. అయినా తేల్చాల్సింది డాక్టరే.

మగపిల్లల్లో మొదటి మార్పు వృషణాల సైజు పెరగడం. ఇది ఇంట్లో ఎవరూ గమనించరు. డాక్టర్ల దగ్గర ఒక పూసల దండ ఉంటుంది, చిన్న పూస నుంచి పెద్ద పూస దాకా వరసగా అంకెలు వేసి ఉంటాయి. వాటితో పోల్చి 4 మిల్లీలీటర్ల పూసంత అయిందా లేదా చూస్తారు. ఇంట్లో మనకు తెలిసేది తర్వాత వచ్చేవే: గొంతు బొంగురు పోవడం, మొటిమలు, నూనూగు మీసం, ఉన్నట్టుండి క్లాసులో అందరికంటే పొడుగవడం.

రొమ్ముల్లో మార్పేమీ లేకుండా చంకలో పెద్దవాళ్లలాంటి చెమట వాసన, అక్కడక్కడ వెంట్రుకలు మాత్రమే వస్తే అది చాలావరకు మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు ముందుగా పనిచేయడం. ఎక్కువమందిలో ప్రమాదం లేదు, కానీ ఒకసారి చూపించాలి. రెండేళ్లలోపు పాపల్లో రొమ్ములు కాస్త ఉబ్బి, మిగతా ఏ మార్పూ లేకపోతే చాలామందిలో దానంతటదే తగ్గిపోతుంది. అన్నట్టు, పురిటి బిడ్డకు ఛాతీ ఉబ్బితే "పాలు పిండాలి" అని పెద్దవాళ్లు నొక్కుతుంటారు. దయచేసి పిండనివ్వకండి. చీము పట్టే ప్రమాదం ఉంది.

గుమ్మం మీద గీత గీయండి, నోటుబుక్కులో రాయండి

నాకు అడిగే హక్కు ఉంటే, ఇది చదివే ప్రతి తల్లినీ తండ్రినీ ఈ ఒక్క పని చేయమని అడుగుతాను. పిల్ల ఆరోగ్యంగా ఉన్నా సరే.

పిల్ల చెప్పులు, సాక్సు తీసేయాలి. జడ విప్పాలి, క్లిప్పులు తీయాలి. మడమలు, పిరుదులు, భుజాలు గుమ్మానికి ఆనించి నిలబెట్టి, చూపు సూటిగా ఎదురుగా ఉండేలా చూడాలి. అట్ట గట్టిగా ఉన్న పుస్తకం తల మీద అడ్డంగా పెట్టి, దాని అడుగు అంచు దగ్గర పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేయాలి. తర్వాత వడ్రంగి వాడే స్టీలు టేపుతో కొలవాలి. దర్జీ టేపు సాగుతుంది, వద్దు. ప్రతిసారీ ఉదయమే కొలవండి, సాయంత్రానికి పిల్లలు కొద్దిగా కుంగుతారు. మూడు నెలలకోసారి చాలు. వారం వారం కొలిస్తే మీకు టెన్షన్, పిల్లకు విసుగు.

ఈడు రాని పిల్లలు ఏడాదికి సుమారు 5 నుంచి 6 సెంటీమీటర్లు పెరుగుతారు. ఆరేడేళ్ల పిల్ల ఆరు నెలల్లోనే 4 సెంటీమీటర్లు దాటిందంటే ఆగి ఆలోచించాలి. మా గుమ్మం మీద జూన్ గీత 122 దగ్గర ఉంది. డిసెంబర్ గీత 126 న్నర దగ్గర. "మా మనవరాలు తాడిచెట్టులా ఎదుగుతోంది" అని అత్తయ్య ముచ్చటపడ్డారు, నేనూ పడ్డాను. ఏడాదికి 9 సెంటీమీటర్ల వేగం ఏడేళ్ల పిల్లది కాదని అప్పుడు మాకు తెలియదు.

తర్వాత డాక్టరు మొదట అడిగింది ఈ గీతల సంగతే. "ఆర్నెల్ల క్రితం ఎత్తు ఎంత?" అంటే జవాబు చెప్పగలిగాను కాబట్టి మాకు మూడు నెలలు కలిసొచ్చాయి. లేకపోతే "ఇప్పుడు కొలిచాం, మూడు నెలల తర్వాత రండి" అనేవారు.

నోటుబుక్కులో ఇంకేం రాయాలి? మొదటి మార్పు ఎప్పుడు కనిపించింది, ఏ వైపు, రెండోది ఎప్పుడు. బరువు. చెమట వాసన, మొటిమలు, వెంట్రుకలు మొదలైన నెల. లోదుస్తుల మీద తెల్లబట్ట గానీ రక్తపు మరక గానీ కనిపించిన తేదీ. మీకు ఎన్నో ఏట నెలసరి వచ్చింది, మీ అక్కచెల్లెళ్లకు ఎప్పుడు వచ్చింది. పిల్ల తండ్రినీ అడగండి: తొమ్మిదో తరగతిలో పొడుగయ్యాడా, అంతకుముందేనా? మీ ఇద్దరి ఎత్తులు కూడా కొలిచి రాయండి, నోటి లెక్క వద్దు. పిల్ల ఎంత ఎత్తుకు చేరొచ్చో అంచనా వేయడానికి అవి కావాలి.

ఒక జాగ్రత్త: ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపకండి, డాక్టరుకైనా సరే. మాటల్లో రాసింది చాలు.

ఆగకుండా వెళ్లాల్సినవి

ఆరేళ్లలోపే మొదలైతే, మగపిల్లాడైతే, కొన్ని నెలల్లోనే మార్పులు పరుగెడుతుంటే ఎదురుచూడకండి. పొద్దున్నే తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం, మూర్ఛలు, విపరీతమైన దాహం, అతిగా మూత్రం ఉంటే వెంటనే వెళ్లాలి. కారణమేమీ లేకుండా పిల్ల ఉన్నట్టుండి పగలబడి నవ్వడం, ఆ నవ్వులో సంతోషం లేకపోవడం కూడా ఒక రకం మూర్ఛ కావచ్చు. మెదడు లోపల హైపోథాలమస్ దగ్గర పుట్టుకతో వచ్చే చిన్న కంతి వల్ల ఈ నవ్వూ, ముందస్తు ఈడూ రెండూ కలిసి రావచ్చు.

మగపిల్లల గురించి ఇంకాస్త గట్టిగా చెప్పాలి. ఆడపిల్లకు ముందే వస్తే ఇల్లంతా ఏడుస్తుంది, మగపిల్లాడికి ముందే వస్తే "మావాడు అప్పుడే మగాడయ్యాడు" అని మీసం తిప్పుతారు. నిజానికి ఆడపిల్లల్లో ఎక్కువమందికి పరీక్షల్లో ఏ జబ్బూ బయటపడదు. మగపిల్లల్లోనే మెదడులోనో మరోచోటో ఒక కారణం దొరికే అవకాశం ఎక్కువ. గర్వపడే సమయం కాదది, ఆసుపత్రికి తీసుకెళ్లే సమయం.

రొమ్ముల్లో ఏ మార్పూ లేకుండా చిన్నపిల్లకు రక్తం కనిపిస్తే దాన్ని పెద్దమనిషి అవడం అనుకోకండి. దెబ్బ కావచ్చు, ఇన్ఫెక్షన్ కావచ్చు, లోపల ఏదైనా చిన్న వస్తువు ఇరుక్కుని ఉండొచ్చు, ఎవరైనా పిల్ల పట్ల తప్పుగా ప్రవర్తించి ఉండొచ్చు. పిల్లను గద్దించకుండా అదేరోజు డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. అనుమానం ఉంటే 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. 2012 పోక్సో చట్టం పిల్ల పేరు బయటకు రాకుండా కాపాడుతుంది.

ఎవరికి చూపించాలి

మొదట మీ పిల్లల డాక్టరు. అక్కడ నుంచి పిల్లల ఎండోక్రైనాలజిస్టు, అంటే పిల్లల హార్మోన్ల డాక్టరు. అందరికీ దగ్గర్లో దొరకరు. అలాంటప్పుడు ఎండోక్రైనాలజీ విభాగం ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లండి. హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియా, విశాఖలో కేజీహెచ్, తిరుపతిలో స్విమ్స్‌లలో ఆ విభాగాలున్నాయి. గైనకాలజిస్టు దగ్గరకే పరుగెత్తాలనిపిస్తుంది గానీ ఇది ముందుగా ఎదుగుదల సమస్య.

మేం మొదట వెళ్లిన చోట పాప చొక్కా కూడా విప్పకుండానే "లావుగా ఉంది కదమ్మా, కొవ్వే, అదే తగ్గుతుంది" అని పంపేశారు. పాప అంత లావేం కాదు. నమ్మి రెండు నెలలు ఊరుకున్నాను. అందుకే చెప్తున్నాను, చేత్తో చూడకుండా తేల్చేస్తే ఇంకొకరికి చూపించండి.

వెళ్లేముందు రాత్రి పిల్లకు చెప్పండి: "డాక్టరమ్మ నీ ఛాతీ, పొట్ట చూస్తుంది. నేను పక్కనే ఉంటాను. ఇష్టం లేకపోతే ఆగమని చెప్పొచ్చు." చెప్పకుండా తీసుకెళ్తే పిల్ల భయపడి బిగుసుకుపోతుంది. అమ్మో నాన్నో పక్కన లేకుండా డాక్టరు దగ్గరైనా బట్టలు విప్పనక్కర్లేదని నేర్పడానికి కూడా ఇదే మంచి సందర్భం.

పరీక్షలు: ఏది ఎందుకు

మొదటిది ఎడమ చేతి ఎక్స్‌రే. అరచేయి, మణికట్టు ఎముకలను చూసి ఎముకల వయసు చెప్తారు. పిల్లకు ఏడేళ్లుండి ఎముకలు పదేళ్లవిగా ఉంటే ఈడు హార్మోన్లు కొంతకాలంగా పనిచేస్తున్నట్టు లెక్క. మా పాపకు ఏడేళ్ల ఎనిమిది నెలలప్పుడు తీస్తే పదేళ్లు అని వచ్చింది. ఆ ఫిల్మును లైటుకు పెట్టి డాక్టరు వేళ్ల ఎముకల చివర ఉన్న సన్నటి నల్లగీతలు చూపించారు. "ఎత్తు పెరిగేది ఇక్కడే. ఈ గీతలు మూసుకుపోతే ఇక పెరగదు. తొందరగా పెరుగుతున్న పిల్లకు తొందరగా మూసుకుపోతాయి" అన్నారు. క్లాసులో అందరికంటే పొడుగ్గా ఉన్న నా కూతురు రేపు అందరికంటే పొట్టిగా మిగలొచ్చని అప్పుడు అర్థమైంది.

రెండోది రక్తపరీక్ష. ఇందులో ముఖ్యమైనది ఎల్‌హెచ్. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి విడుదల చేసే హార్మోన్ ఇది. ఉదయం పూట ఇవ్వాలి. 0.3 యూనిట్లు దాటితే అనుమానం బలపడుతుంది. తేలకపోతే స్టిమ్యులేషన్ టెస్టు చేస్తారు: ఒక మందు ఇచ్చి, తర్వాత కొన్ని గంటల్లో పలుమార్లు రక్తం తీసి, ఎల్‌హెచ్ ఎంత ఎగిరిందో చూస్తారు. 5 దాటితే సాధారణంగా మెదడు నుంచే ఈడు మొదలైందని నిర్ధారణ. చేతి నరానికి ఒకసారి పెట్టిన సన్నటి గొట్టం (క్యాన్యులా) నుంచే అన్నిసార్లూ తీస్తారు, ప్రతిసారీ పొడవరు. ఈ మాట పిల్లకు ముందే చెప్తే సగం ఏడుపు తగ్గుతుంది. ఖాళీ కడుపుతో రావాలా అని ముందురోజే ఫోన్ చేసి అడగండి. రంగుల పెన్సిళ్లు తీసుకెళ్లండి, ఆ పూటంతా అక్కడే గడుస్తుంది.

ఆడపిల్లల్లో ఈస్ట్రడయాల్, మగపిల్లల్లో టెస్టోస్టిరాన్ అనే ఈడు హార్మోన్లు, థైరాయిడ్ కూడా చూస్తారు. థైరాయిడ్ బాగా తక్కువగా ఉన్న పిల్లల్లో అరుదుగా ఈడు ముందు రావచ్చు, కానీ వీళ్లు పొడుగవరు, ఎత్తు ఆగిపోతుంది. థైరాయిడ్ మాత్రలతోనే సరిపోతుంది. ఆడపిల్లలకు పొట్ట మీద స్కాన్ చేసి గర్భసంచి, అండాశయాల సైజు చూస్తారు. దానికి మూత్రం నిండుగా ఉండాలి, నీళ్ల సీసా మరిచిపోకండి.

మెదడు ఎంఆర్‌ఐ మగపిల్లలందరికీ, ఆరేళ్లలోపు ఆడపిల్లలకు, తలనొప్పి లాంటివి ఉన్నవాళ్లకు తప్పనిసరి అనుకోండి. ఏడేళ్ల ఆడపిల్లకు కావాలా వద్దా అన్నది డాక్టరుతో మాట్లాడుకోవాలి.

ఎందుకొచ్చింది?

మెదడులో హైపోథాలమస్ అనే చోటు నుంచి జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్ ఉండుండి విడుదలవుతుంది, తలుపు మీద ఆగి ఆగి తట్టినట్టు. పసితనం తర్వాత కొన్నేళ్లు ఈ తట్టడం ఆగిపోతుంది. ఈడు వేళకు మళ్లీ మొదలవుతుంది. పిట్యూటరీ ఆ చప్పుడుకు తలుపు తీస్తుంది, అండాశయాలు లేదా వృషణాలు పనిలోకి దిగుతాయి. ఆ తట్టడం ముందే మొదలైతే అది మెదడు నుంచి వచ్చిన ముందస్తు ఈడు. తట్టకుండానే అండాశయం, వృషణం, అడ్రినల్ గ్రంథి సొంతంగా హార్మోన్ తయారుచేస్తే అది వేరే రకం, దాని వైద్యమూ వేరు. ఇంట్లో పెద్దవాళ్లు రాసుకునే హార్మోన్ జెల్, క్రీము పిల్ల ఒంటికి అంటుకున్నా ఇలా కావచ్చు. వాడుతుంటే డాక్టరుకు తప్పక చెప్పండి.

బరువు ఎక్కువున్న ఆడపిల్లల్లో ఈడు ముందు రావడం కనిపిస్తుంది. 2020 లాక్‌డౌన్ నెలల్లో ఇటలీ డాక్టర్లు ఇలాంటి కేసులు పెరిగాయని చెప్పారు, తర్వాత చాలా దేశాల్లో అదే మాట వచ్చింది. బరువు, కదలిక లేకపోవడం, నిద్ర మారడం, ఇలా పలు కారణాల మీద చర్చ నడిచింది. అంతకుముందే 1991లో స్వీడన్‌లో ఒక ఆసక్తికరమైన పరిశీలన జరిగింది. మన దేశం నుంచి దత్తత వెళ్లిన ఆడపిల్లల్లో సగం మందికి 11.6 ఏళ్లలోపే నెలసరి వచ్చేసింది. బక్కచిక్కి వెళ్లిన పిల్లలు మంచి తిండి దొరికి గబగబా ఎదిగినప్పుడు ఈడు కూడా ముందుకు జరిగింది.

కొన్ని కుటుంబాల్లో జన్యువుల వల్లా వస్తుంది. ఎంకేఆర్‌ఎన్3 అనే జన్యువులో తేడా ఉంటే ఇలా జరుగుతుందని 2013లో కనుక్కున్నారు. అది తండ్రి నుంచి వచ్చినప్పుడే లక్షణం బయటపడుతుంది. "తల్లి పోలికే" అని కోడళ్లను అనేవాళ్లుంటే ఈ సంగతి నెమ్మదిగా చెప్పండి.

చికెన్, పాల సంగతి. బ్రాయిలర్ కోడి 40 రోజుల్లో రెండు కేజీలు అయ్యేది హార్మోన్ సూదుల వల్ల కాదు, తరతరాలుగా ఎంచుకుంటూ వచ్చిన జాతి, మేత వల్ల. గేదెకు ఆక్సిటోసిన్ సూది వేయడం తప్పే, కానీ అది ప్రోటీన్ లాంటి పదార్థం, పిల్ల కడుపులో అరిగిపోతుంది. అది ఈడు తెచ్చే హార్మోన్ కూడా కాదు. బొప్పాయి, నువ్వులు "వేడి చేసి" ఈడు తెస్తాయన్నదీ నిజం కాదు. గుడ్డు, పాలు, పప్పు మాన్పించి పిల్లను నీరసపరచకండి. మానాల్సినవి కూల్‌డ్రింకులు, బేకరీ సరుకు, పడుకునేదాకా చేతిలో ఫోను. వేడి సాంబారు ప్లాస్టిక్ కవర్లో తెచ్చుకునే అలవాటు కూడా వదిలేయడం మంచిది.

అందరికీ సూది అక్కర్లేదు

ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్య మొదలైన ఆడపిల్లల్లో చాలామందికి మార్పులు నిదానంగా నడుస్తాయి. వాళ్లను మూడు నుంచి ఆరు నెలలు గమనిస్తారు. ఎత్తు వేగం మామూలుగా ఉండి, ఎముకల వయసు పరుగెత్తకపోతే మందే వద్దు. డాక్టరు "చూద్దాం" అంటే నిర్లక్ష్యం అనుకోకండి, ఆ గమనించడమే వైద్యం. ఆరేళ్లలోపు మొదలైనవాళ్లకు ఎత్తు విషయంలో మందు మేలు ఎక్కువ. ఎనిమిది దాటాక మొదలైతే ఎత్తులో పెద్దగా కలిసిరాదు.

వేగం ఎక్కువైతే ఇచ్చేవి జీఎన్‌ఆర్‌హెచ్ ఎనలాగ్ సూదులు, అంటే ఇందాక చెప్పిన ఆ తలుపు తట్టే హార్మోన్‌ను పోలిన మందులు: ల్యూప్రోలైడ్, ట్రిప్టోరెలిన్. 1980ల మొదటి నుంచీ పిల్లల్లో వాడుతున్నారు. తలుపు ఆగి ఆగి తడితే తీస్తుంది, ఆపకుండా కొడుతూనే ఉంటే పిట్యూటరీ ఇక పట్టించుకోవడం మానేస్తుంది. ఈ మందు చేసేది అదే. నెలకు ఒకటి లేదా మూడు నెలలకు ఒకటి ఇస్తారు. ఇంకా ఎక్కువకాలం పనిచేసేవీ ఉన్నాయి. ఖరీదైన మందు కాబట్టి ఏ రకం, ఎంతకాలం, మొత్తం ఎంతవుతుందో మొదటిరోజే అడగండి. ప్రభుత్వ ఆసుపత్రిలో దొరుకుతుందేమో కూడా కనుక్కోండి.

సూది తేదీ తప్పకూడదు. 28 రోజులకు అంటే 28 రోజులకే. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చాక వేయిద్దాం అంటే తట్టడం మళ్లీ మొదలవుతుంది. మందు ఫ్రిజ్‌లో ఉంచాలా అని కొనేచోట అడిగి, ఉంచాల్సిన రకమైతే ఐస్ ప్యాక్‌తో తీసుకెళ్లండి. మేం గుంటూరు బస్సులో పాప టిఫిన్ బ్యాగులో పెట్టుకుని వెళ్లేవాళ్లం. పాప దాన్ని ఒళ్లో పెట్టుకుని "నా మందు చల్లగా ఉంది" అని పక్కసీటు వాళ్లకు చెప్పేది.

మొదటి సూది తర్వాత కొద్దిరోజులు లక్షణాలు కాస్త పెరిగినట్టుంటుంది. ఆడపిల్లకు ఒకసారి రక్తస్రావం కూడా కనిపించొచ్చు. భయపడకుండా డాక్టరుకు చెప్పండి, పిల్లకు ముందే చెప్పి ఉంచండి. సూది వేసిన చోట నొప్పి, ఎరుపు, అప్పుడప్పుడు తలనొప్పి మామూలు. తలనొప్పి తీవ్రంగా ఉండి చూపు తేడా వస్తే మాత్రం అదేరోజు వెళ్లాలి. సూది చోట గడ్డకట్టి చీములా మారినా చూపించాలి. ఆటలు, ఎండ, కాల్షియం తగ్గనివ్వకండి. ఎత్తు పెంచే పొడులు, ఈడు ఆపే మూలికలు అమ్మేవాళ్ల దగ్గరకు వెళ్లి నెలలు పోగొట్టుకోకండి.

పిల్లతో, బడితో, బంధువులతో

ఏడేళ్ల పిల్ల ఒళ్లు పదేళ్లదిగా ఉన్నా మనసు ఏడేళ్లదే. ఆ తేడా మనమే మరచిపోతాం. "ఇంత పెద్దదానివి, ఏడుస్తావా" అన్న మాట మా ఇంట్లో మానేయడానికి చాలా రోజులు పట్టింది.

ఒక రాత్రి పక్కలో పడుకుని పాప అడిగింది: "అమ్మా, నేనేం తప్పు చేశాను?" నేను చెప్పింది ఇదే, మీరూ ఇలాంటిదే చెప్పొచ్చు: "ఏం తప్పూ చేయలేదు నాన్నా. అందరి ఒంట్లోనూ ఒక గడియారం ఉంటుంది. నీది కొంచెం ముందు తిరిగింది. డాక్టరమ్మ దాన్ని ఆపి, సరైన టైముకు మళ్లీ నడిపిస్తుంది." అర్థమైంది. తర్వాత రోజు బొమ్మకు కూడా అదే చెప్పి సూది వేసింది.

మెత్తటి కాటన్ స్లిప్పులు కొనండి, బిగుతువి వద్దు. బడిలో క్లాసు టీచరుకు ఒక్కరికే చెప్పండి, స్టాఫ్ రూముకంతా కాదు. బ్యాగులో ఒక జత బట్టలు, ఒక ప్యాడు చిన్న సంచిలో ఉంచి ఎలా వాడాలో నేర్పండి. పరుగుపందెం, కబడ్డీ మాన్పించకండి. చూడ్డానికి పెద్దగా ఉన్న పిల్ల మీద పెద్దవాళ్ల కన్ను పడుతుంది, అది నిజం. మంచి స్పర్శ, చెడు స్పర్శ గురించి మామూలు కంటే ముందే చెప్పాలి.

ఇక బంధువులు. ఎనిమిదేళ్లకే నెలసరి కనిపిస్తే కొన్నిళ్లలో చాప వేసి కూర్చోబెట్టి, చిమ్మిలి దంచి, ఓణీల ఫంక్షన్‌కు కార్డులు వేయిస్తారు. నా అభిప్రాయం స్పష్టంగా చెప్తాను: వద్దు. రెండో తరగతి పిల్లను పీట మీద కూర్చోబెట్టి పెద్దమనిషి అయిందని ఊరంతటికీ చెప్పడం ఆ పిల్లకు శిక్ష. మా అత్తయ్య మొదట "నలుగురికీ చెప్పకపోతే దోషం" అన్నారు. ఆమెను ఒకసారి డాక్టరు దగ్గరకు వెంట తీసుకెళ్లాను. ఎక్స్‌రే చూసి వచ్చాక బంధువుల ఫోన్లకు ఆమే జవాబు చెప్పడం మొదలుపెట్టారు: "చిన్నపిల్ల, వైద్యం జరుగుతోంది, దాని సంగతి వదిలేయండి."

ఎప్పుడు ఆపుతారు

మూడు నుంచి ఆరు నెలలకోసారి ఎత్తు, ఏడాదికి ఒకటి రెండుసార్లు ఎముకల ఎక్స్‌రే చూస్తూ ఉంటారు. ఆడపిల్లల్లో సాధారణంగా పదకొండేళ్ల వయసుకు, ఎముకల వయసు పన్నెండు దగ్గరకు వచ్చేసరికి ఆపుతారు. కచ్చితమైన అంకె లేదు. పిల్ల ఎత్తు, తోటిపిల్లల స్థితి, పిల్ల మనసు అన్నీ చూస్తారు. ఆపాక ఆగిన గడియారం మళ్లీ నడుస్తుంది. చాలామందికి ఏడాది, ఏడాదిన్నరలోపు నెలసరి వస్తుంది. తర్వాత పిల్లలు పుట్టడానికి ఈ మందు అడ్డుకాదు.

మా పాపకు పదేళ్ల పది నెలలప్పుడు చివరి సూది వేశారు. ఆ రోజు ఎక్స్‌రేలు, రిపోర్టులు అన్నీ ఒక ఫైల్లో వరసగా పెట్టి డాక్టరు సంతకం చేసిన సారాంశం అడిగి తీసుకున్నాను, మీరూ తీసుకోండి. గుమ్మం మీద గీతలు మాత్రం ఆపకండి. సూదులు ఆపాక ఆరు నెలలకోసారి కొలత, చెకప్ ఉంటుంది. మొదటి నెలసరి వచ్చిన తేదీ అదే నోటుబుక్కులో రాసి, తర్వాతి విజిట్‌కు తీసుకెళ్లండి.